కొట్టేసిన పేర్లు

ఇప్పటిదాకా నేను చేసిన నిర్వాకం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మా పిన్ని వార్డు ఆఫీసులో ఓటర్ల జాబితా చూసే గుమాస్తా. అమ్మ పోయినప్పటి నుంచి, అంటే రెండేళ్లుగా, నేను ఆవిడ దగ్గరే ఉండి జర్నలిజం చదువుతున్నాను. వార్డు ఎన్నికలు ఇంకో ఐదు వారాలున్నాయి. సోమవారం సాయంత్రం పిన్ని ఎవరితోనో ఫోన్లో, "మూడొందల పద్నాలుగు కొట్టేశామండీ, మన వార్డు పని అయిపోయినట్టే" అంది. చనిపోయినవాళ్ల పేర్లు, ఇల్లు మారినవాళ్ల పేర్లు జాబితాలో గీత పెట్టి తీసేశామని ఆ మాటకి అర్థం. నేను నా గదిలోకి వెళ్లి ఒకే ఒక్క వాక్యం రాసి లోకం మీదికి వదిలాను: "మా వార్డులో మూడు వందల పద్నాలుగు ఓట్లు కొట్టేశారు." ఆ మాటకున్న రెండో అర్థమే లోకానికి తోచింది. రెండు రోజులు తిరక్కుండా నలభై వేలమంది దాన్ని పంచుకుని, ఎవరో దొంగలు మా వార్డు ఓట్లు ఎత్తుకుపోయారని తీర్మానించేశారు. గురువారం తెల్లారేసరికి మా వీధిలోకి టీవీ వ్యాను వచ్చింది.

కథ అక్కడ ఆగింది కానీ నా కాళ్లు ఆగలేదు. పొద్దున ఏడింటి నుంచీ వంటింటికీ బాల్కనీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. మాది మూడో అంతస్తు. బాల్కనీలోంచి వంగి చూస్తే కింద వ్యాను, దాని పక్కన నీలం కోటు తొడుక్కున్న మైకాయన కనిపిస్తున్నారు. మైకాయన మా గేటు ముందు నిలబడి, మా గేటు వైపే చెయ్యి చూపిస్తూ, "ఇదే ఆ గేటు" అంటున్నాడు. కెమెరా సరిగా రాలేదేమో, అదే మాట ఐదుసార్లు అన్నాడు. ఐదోసారికి నాకే ఆ గేటు మీద అనుమానం వచ్చింది. మెట్ల కింద జిప్పుల తాత కుట్టుమిషను మాత్రం ఎప్పటిలాగే టకటకమంటోంది. నా కాలేజీ బ్యాగు జిప్పు ఊడిపోతే నిన్ననే ఆయనకిచ్చాను. వ్యాన్లు వచ్చినా, వానలు వచ్చినా ఆయన మిషను ఆపే మనిషి కాదు.

మాకు "సోషల్ మీడియా, రాజకీయాలు, వార్తలు" అని ఒక పేపరుంది. పోయిన పరీక్షలో దానికి నేను పన్నెండు పేజీలు రాశాను. పౌరుల చేతుల్లో ఫోన్లున్నంత కాలం ప్రజాస్వామ్యానికి ఢోకా లేదని గొప్పగా ముగించాను. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ పేపరు దిద్దినవాళ్లు ఎక్కడున్నారో వెతికి పట్టుకుని మార్కులు తిరిగి ఇచ్చేయాలని ఉంది ఇప్పుడు.

ఎందుకంటే ఈ మూడు రోజులూ నేను చూసింది వేరు. నా వాక్యం కింద వచ్చిన మొదటి వంద వ్యాఖ్యల్లో ఒక్కళ్లు కూడా "ఎవరు? ఎప్పుడు? నీకెలా తెలుసు?" అని అడగలేదు. అధికార పార్టీవాళ్లు నన్ను ఎవరు కొనేశారో చెప్పారు. ప్రతిపక్షంవాళ్లు నన్ను చెల్లెమ్మని చేసుకున్నారు. ఒకాయన నా ఫొటో పక్కన పులి బొమ్మ అతికించాడు. నేను బల్లి కనిపిస్తే మంచం ఎక్కి కేకలు పెట్టే రకం. అందరూ నా గురించే మాట్లాడుతున్నారు, ఆ మూడు వందల పద్నాలుగు మంది గురించి ఒక్కడికీ అక్కర్లేదు. ఇంతకీ నాకు మాత్రం ఉందా? ఆ ప్రశ్న తట్టినప్పుడల్లా లేచి మళ్లీ బాల్కనీలోకి వెళ్లిపోతున్నాను.

పత్రికలు మరీ తెలివైనవి. పొద్దున వచ్చిన పేపర్లో మొదటి పేజీ అడుగున "ఓట్ల దొంగతనం?" అని ఉంది. ఆ ప్రశ్నార్థకం చూడగానే నాకు ఒళ్లు మండింది. తెలిసిన సంగతైతే ప్రశ్న ఎందుకు, తెలియని సంగతైతే అంతంత అక్షరాలు ఎందుకు? చివర ఆ కొక్కెం ఒకటి తగిలిస్తే చాలు, ఇక ఎవరికీ బాధ్యత లేదు. కింద నా వాక్యమే, నా పేరు లేకుండా, "అని స్థానికులు చెబుతున్నారు" అన్న తోకతో అచ్చయింది. స్థానికులంటే నేనే. రాత్రికి రాత్రి ఒక్కదాన్నే బహువచనం అయిపోయాను.

పదిన్నరకి ఫ్లాషు ఫోన్ చేశాడు. వాడు నా క్లాస్‌మేట్. వాడికొక వార్తల పేజీ ఉంది, అందులో చీమ చచ్చినా ఫ్లాష్ న్యూసే. నా వాక్యాన్ని మొట్టమొదట పదిమందికి అందించిన పుణ్యాత్ముడు వాడే.

"చూశావా? నలభై మూడు వేలు!"

"ఒరే ఫ్లాషూ, అది తప్పురా. కొట్టేశారంటే దొంగిలించారని కాదు. జాబితాలో గీత పెట్టి తీసేశారని."

"ఇప్పుడా చెప్పేది?" అన్నాడు.

"ఇప్పుడైనా తీసేద్దామనుకుంటున్నా."

"పిచ్చా నీకు? తీసేస్తే నీ మీద ఎవరో ఒత్తిడి తెచ్చారంటారు. ఉంచితే నిజమంటారు. ఎటు చూసినా మనకి మంచిదే."

"మనకేంట్రా?"

"అదే... నీకు," అని నసిగాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ఒకటిన్నరకి తలుపులో తాళంచెవి తిరిగింది. పిన్ని రోజూ ఆరు దాటితే గానీ రాదు. లోపలికొచ్చి చెప్పులు విప్పి, ఎప్పటిలాగే గోడ వారగా జతగా పెట్టింది.

"కింద వాళ్లు నిన్ను పట్టుకోలేదా?" అన్నాను.

"నన్నెవరు గుర్తుపడతారే? ఆ నీలం కోటాయన్ని 'కాస్త జరగండి బాబూ' అంటే జరిగాడు. పైగా ఈ ఇంట్లో ఉండే గుమాస్తా తెలుసా అని నన్నే అడిగాడు. చూస్తూనే ఉంటాను, పెద్దగా మాట్లాడదు అని చెప్పాను."

వేరే రోజైతే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. పిన్ని చేతులు కడుక్కొచ్చి, సంచిలోంచి నీళ్ల సీసా, ఎర్ర పెన్ను, అడుగు పొడవు స్టీలు స్కేలు తీసి బల్ల మీద పెట్టింది. తరవాత ప్లాస్టిక్ కవర్లోంచి లావుపాటి జిరాక్సు కట్ట ఒకటి తీసింది. అరుస్తుందేమో అనుకున్నాను. అరిచినా బాగుండేది.

"కూర్చోవే," అంది.

"పిన్నీ, నేను అసలు..."

"ముందు కూర్చో. నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి."

కూర్చున్నాను. పిన్ని స్కేలుని బల్ల అంచుకి సమానంగా జరిపి చెప్పడం మొదలుపెట్టింది.

"నన్ను ఇంటికి పంపించారు. నాలుగింటికి మళ్లీ రమ్మన్నారు. మా సారు ఒక కాగితం రెడీ చేసిపెట్టారు. ఆ మూడొందల పద్నాలుగు పేర్లూ నేనే, నా చేత్తోనే, ఇంటింటికీ తిరిగి చూసి మరీ కొట్టానని అందులో ఉంటుంది. నేను సంతకం పెడితే పైకి పంపిస్తారు. పైవాళ్లకి సరిపోతే సరే. లేదంటే నా పంతొమ్మిదేళ్ల సర్వీసుకి ఒక నమస్కారం."

"నీ ఉద్యోగం పోతుందా?"

"నన్నడుగుతావేంటి? నీ నలభై వేలమందినీ అడుగు."

మొహం మీద చన్నీళ్లు కొట్టినట్టయింది. పిన్ని ఉద్యోగం పోతే ఈ ఇంటి అద్దె ఎలా, నా చదువు ఎలా అన్నది తరవాత. ఉదయం ఎనిమిదిన్నరకి ఆ సంచి భుజాన వేసుకోకుండా పిన్ని ఎలా ఉంటుందో నా ఊహకే అందలేదు. సెలవు రోజుల్లో కూడా ఎనిమిదిన్నరకోసారి గడియారం చూసే మనిషి.

"ఒక్క సంగతి నిజం చెప్పు," అంది పిన్ని. "పొరపాటున రాశావా, తెలిసే రాశావా?"

పొరపాటు అన్న జవాబుని మూడు రోజులుగా సిద్ధం చేసుకుంటున్నాను. ఫ్లాషుకీ అదే చెప్పాను, నాకు నేనూ అదే చెప్పుకున్నాను. పిన్ని నా కళ్లలోకి చూస్తూ కూర్చునేసరికి అది నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"మొదట 'తొలగించారు' అని రాశాను పిన్నీ. చదువుకుంటే చప్పగా ఉంది. చెరిపేసి 'కొట్టేశారు' అని పెట్టాను. రెండో అర్థం అప్పుడే తట్టింది. తట్టింది కాబట్టే పెట్టాను."

చెప్పేశాక నాకే ఆశ్చర్యమేసింది. మా న్యూస్ రైటింగ్ మాస్టారు మొదటి క్లాసులోనే చెప్పారు, మన భాషలో క్రియ చివరికొస్తుంది గనక నేరం కూడా వాక్యం చివర్లోనే జరుగుతుంది, అక్కడ తొందరపడకండి అని. నేను ఆ మాటని చక్కగా నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను.

మెట్ల కింద మిషను టకటక ఆగి, మళ్లీ మొదలైంది. "సరే, ఇటు జరుగు," అంది పిన్ని. "కొట్టేయడమంటే ఏంటో చూపిస్తాను."

జిరాక్సు కట్ట విప్పింది. పేజీకి నలభై పేర్లు, ఇంటి నంబర్లు, వయసులు. అక్కడక్కడా పేర్ల మీద ఒక్కొక్క గీత. ఒరిజినల్లో ఎరుపు, జిరాక్సులో నలుపు. గీత చివర మార్జిన్లో చిన్న అక్షరం.

"'చ' అంటే చనిపోయారు. 'మ' అంటే ఇల్లు మారారు. పేజీ పూర్తవగానే కింద నా పొట్టి సంతకం. గీత చూడు. స్కేలు పెట్టి ఒక్కటే గీస్తాను, పేరు మధ్యలోంచి, సన్నగా. కింద పేరు చదవగలుగుతున్నావా?"

"ఆ."

"చదవగలగాలి. గీకేయకూడదు, తెల్లరంగు పూయకూడదు. రేపు ఎవరైనా వచ్చి 'అమ్మా, నేను బతికే ఉన్నాను' అంటే ఆ పేరు మనం మళ్లీ చదువుకోగలగాలి. నా పంతొమ్మిదేళ్లలో తొమ్మిదిమంది అలా వచ్చారు. తొమ్మిదిమందికీ నేనే లేచి కుర్చీ వేశాను." పిన్ని మూడో పేజీ నా వైపు తిప్పింది. "ఏడో వరస చదువు."

చదివాను. అమ్మ పేరు.

గీత తిన్నగా ఉంది. కింద ప్రతి అక్షరం స్పష్టంగా కనిపిస్తోంది. మార్జిన్లో పిన్ని దస్తూరీలో గుండ్రంగా "చ" అని ఉంది.

"రెండేళ్లలో జాబితా ఇంతకుముందు రెండుసార్లు నా చేతికొచ్చింది. రెండుసార్లూ ఈ ఒక్క పేరూ వదిలేశాను," అంది పిన్ని. "ఈసారికి ఉండనీలే అనుకున్నా. అది తప్పేనే. చచ్చిపోయినవాళ్ల పేరుంటే ఎవడైనా వచ్చి దాని మీద ఓటేసి పోవచ్చు. అందుకే ఈసారి కొట్టాను. స్కేలు ఉంది కాబట్టి గీత వంకరపోలేదు. కొట్టి ఇంటికొచ్చి ఎవరో అడిగితే ఫోన్లో అంకె చెప్పాను. ఆ మూడొందల పద్నాలుగులో మా అక్క ఒకతి. దాన్ని నువ్వు దొంగతనం అని రాశావు."

నేను ఏడ్చేశాను. గొప్పగా ఏడవలేదు, ముక్కు చీదుకుంటూ చిన్నపిల్లలా ఏడ్చాను. పిన్ని నన్ను దగ్గరికి తీసుకోలేదు. నీళ్ల సీసా మూత తీసి నా ముందు పెట్టింది, అంతే. ఆవిడ కోపం తగ్గలేదని దాంతో తెలిసింది. అది నాకు న్యాయంగానే అనిపించింది.

"ఇప్పుడే సరిచేస్తాను," అని లేచాను.

"తొందరేంటే? ముందు మొత్తం చూడు. ఇంకా ముప్ఫై పేజీలున్నాయి. నేను కూడా చూడాలి, అందుకే సారు భోజనానికి వెళ్లినప్పుడు పంతొమ్మిదేళ్లలో మొదటిసారి అడక్కుండా జిరాక్సు తీశాను. సంతకం పెట్టేముందు ఒకసారి సరిచూసుకుందామని."

"చూశాగా పిన్నీ."

"చూసింది మూడు పేజీలు."

"నాలుగింటికి నువ్వు వెళ్లేలోపు అందరికీ తెలియాలి కదా!"

ఆవిడ ఇంకేదో అనబోయింది. నేను అప్పటికే గదిలో ఉన్నాను. కళ్లు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, ఫోను పుస్తకాల దొంతరకి ఆనించి మాట్లాడాను. నేను వాడిన మాట తప్పు, అది దొంగతనం కాదు, జాబితా సవరణ అని చెప్పాను. పిన్ని సంగతి ఎత్తలేదు. అంతవరకు బాగానే ఉంది. చివర్లో గొంతు కాస్త పెంచి, "ఆ మూడు వందల పద్నాలుగు పేర్లలో ప్రతి ఒక్కటీ నేను స్వయంగా చూశాను, అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి" అన్నాను. అలా అంటేనే జనం నమ్ముతారనిపించింది. అది వదిలి, వెంటనే మొదటి వాక్యాన్ని మొత్తంగా తుడిచేశాను. ఆనవాలు లేకుండా. అప్పుడు టైము రెండూ నలభై.

ఐదు నిమిషాల్లో నా సవరణని చూసినవాళ్లు పంతొమ్మిది మంది. వాళ్లలో ఇద్దరు నా జుట్టు బాగుందన్నారు. నిజమనేదానికి కాళ్లుండవని అప్పుడే ఒక వ్యాసం రాసేద్దామనుకున్నాను. తొందరపడ్డాను. పదో నిమిషంలో అధికార పార్టీ పేజీ నా వీడియోలోంచి చివరి వాక్యం ఒక్కటీ కోసుకుని, "అమ్మాయే ఒప్పుకుంది: అన్నీ పద్ధతి ప్రకారమే!" అని పెట్టింది. అక్కణ్ణించి అంకె ఉరుకులు పెట్టింది. కింద మైకాయన గొంతు కూడా మారింది. "ఇదే ఆ గేటు" అనేవాడు కాస్తా "ఈ గేటు లోపల ఏం జరిగింది?" అంటున్నాడు. ప్రతిపక్షంవాళ్లు నన్ను చెల్లెలి పదవి నుంచి తీసేశారు.

అనుకున్నది అయింది. పిన్నికి మేలే జరిగింది. అయినా కూర్చోలేకపోయాను. "స్వయంగా చూశాను" అన్న మాట నన్ను వదల్లేదు. పోనీ ఇప్పుడైనా చూసేస్తే అది నిజమైపోతుంది కదా అని, బల్ల దగ్గరికి వచ్చి నాలుగో పేజీ నుంచి మొదలుపెట్టాను. పిన్ని సోఫాలో కాళ్లు ముడుచుకుని కళ్లు మూసుకుంది.

నాలుగు, ఐదు, ఆరు. తిన్నటి గీతలు, గుండ్రటి అక్షరాలు. ఎనిమిదో పేజీకొచ్చేసరికి పిన్ని పనిని చూస్తూ నాకు గర్వంగా కూడా అనిపించింది. తొమ్మిది, పది.

పదకొండో పేజీలో గీతలు ఎక్కువగా ఉన్నాయి.

మిగతా పేజీల్లో ఎనిమిదో పదో పేర్లు కొట్టేసి ఉంటే ఇందులో ఇరవైకి పైనే. వాటిలో రెండు సన్నగా, తిన్నగా ఉన్నాయి. మిగిలినవి చేత్తో బరబరా లాగినవి. కొన్ని పేర్ల మీద రెండేసి గీతలు, ఒకటి రెండు చోట్ల అక్షరాలు కనిపించకుండా గీకేశారు కూడా. అన్నిటికీ పక్కన "చ". అన్నీ మా వెనక సందు ఇళ్లే. నీళ్లు రావడం లేదని పోయిన నెల వార్డు ఆఫీసు ముందు బైఠాయించినవాళ్లు ఆ సందువాళ్లే. పేజీ అడుగున పిన్ని పొట్టి సంతకం ఉంది.

ఒక సందులో ఇంతమంది ఎప్పుడు చచ్చిపోయారు? మాకు కనీసం తెలియను కూడా తెలియలేదే అనుకుంటూ ఒక్కొక్క పేరూ చదివాను. పదిహేనో వరస దగ్గర ఆగిపోయాను. ఆ పేరు ఎక్కడో చూశాను, అదీ ఈ మధ్యనే. లేచి పర్సు వెతికాను. నిన్న బ్యాగు ఇచ్చినప్పుడు జిప్పుల తాత ఇచ్చిన చీటీ అందులో ఉంది. ఆయన ఎవరికైనా చీటీ ఇవ్వకుండా గుడ్డ ముట్టుకోడు. చీటీ మీద రబ్బరు స్టాంపు: పేరు, వెనక సందు, ఇంటి నంబరు. దాన్ని తెచ్చి పదిహేనో వరస పక్కన పెట్టాను. పేరు అదే, నంబరూ అదే. ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి నోరు జారి చేసిన ఘనకార్యం చాలు.

"పిన్నీ," అన్నాను. "పిన్నీ, లే."

ఆవిడ వచ్చి బల్ల మీదికి వంగింది. నేను చీటీ మీద వేలు పెట్టాను, తరవాత జాబితా మీద పెట్టాను. పిన్ని కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. స్టీలు స్కేలు తీసుకుని ఒక్కొక్క గీత పక్కనా ఆనించి చూసింది. రెండు గీతలకి సరిపోయింది. మిగతావన్నీ స్కేలుకి అటూ ఇటూ ఒరిగిపోయాయి.

"సంతకం నాదే," అంది మెల్లగా. "గీతలు నావి కావు."

"అంటే?"

"నేను ఈ పేజీలో కొట్టింది రెండే. రెండు కొట్టి, సంతకం పెట్టి లోపలికి పంపాను. మిగతావి ఆ తరవాత ఎవరో..." పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది. "మూడొందల పద్నాలుగు అని నేను లెక్కపెట్టలేదే. సారు చెప్పిన అంకె. అదే ఫోన్లో చెప్పాను. నాకొక్కసారి కూడా అనుమానం రాలేదు."

అప్పుడు కింద మిషను ఆగింది. మెట్ల మలుపులోంచి పైకి కేక వినిపించింది. "అమ్మాయ్! బ్యాగు అయిపోయింది, వచ్చి తీసుకెళ్తావా, పైకి తెమ్మంటావా?"

మూడు రోజులుగా ఎంతోమంది ఎన్నో అరిచారు. ఒక్క గొంతుకీ నా ఒంటి మీద వెంట్రుకలు లేవలేదు. ఈ గొంతుకి లేచాయి. జాబితాలో చచ్చిపోయిన మనిషి జిప్పు బాగుచేసి పిలుస్తున్నాడు.

"వస్తున్నా తాతా!" అని కేకేసి పిన్ని వైపు తిరిగాను. "పిన్నీ, మరి నేను మొదట రాసిందే..."

"నిజమైంది," అంది పిన్ని. "నీకు తెలియకుండా నిజం రాశావు. తెలుసనుకుని ఇప్పుడు అబద్ధం చెప్పావు. ఆ మొదటిది ఉందా?"

"లేదు. తీసేశాను."

"మొత్తానికా?"

"మొత్తానికి."

పిన్ని నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. కోపం కూడా కాదది. "మధ్యాహ్నం నుంచీ నీకు నేర్పింది అదొక్కటే కదే," అంది. "కింద చదవగలిగేలా కొట్టాలి."

నలభై మూడు వేలమందికి నా మాట చేరింది, దాని ఆనవాలు లేదు. ఇప్పుడు ఇంటింటా తిరుగుతున్నది రెండో వాక్యం. ఆ పదకొండో పేజీ మీద గీసినవాడెవడో గానీ, వాడికి సాక్ష్యం చెప్పింది నేనే. చెప్పు తీసుకుని నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

మూడూ ఇరవైకి పిన్ని ఫోను మోగింది. తెర మీద "సారు" అని ఉంది. ఆవిడ స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"ఏమ్మా, బయల్దేరారా?" సారు గొంతు ఎంతో చల్లగా ఉంది. "మీ అమ్మాయి వీడియో చూశాం. చాలా బాగా చెప్పింది. పైవాళ్లు కూడా సంతోషించారు. ఇంక మీరొచ్చి సంతకం పెట్టేస్తే అయిపోతుంది."

"వస్తున్నాను సార్."

"మంచిది. ఆ... ఇంకొక్క మాట. మధ్యాహ్నం మీరు జిరాక్సు తీశారని అటెండరు చెప్పాడు. ఫరవాలేదు, అది కూడా తెచ్చేయండి." గొంతు తగ్గించాడు. "అది మీ దగ్గరే ఉంది కదా? అమ్మాయి వీడియోలో అలా అందేగానీ, నిజంగా ఎవరైనా చూశారా?"

పిన్ని నా మొహంలోకి చూసింది. ఆఫీసు పెన్సిలు కూడా ఇంటికి తేని మనిషి. నా పరీక్ష ఫీజు ఒకరోజు ఆలస్యమైతే "జ్వరం వచ్చిందని రాయి పిన్నీ" అంటే రాయనన్న మనిషి. ఆవిడ స్కేలు చివరతో పదకొండో పేజీని మెల్లగా నా వైపు తోసింది. తరవాత అదే స్కేలుతో నా ఫోన్ని చూపించింది.

"లేదు సార్," అంది. "ఎవరూ చూడలేదు."

నేను ఫోన్లో కెమెరా తెరిచి పేజీ మీదికి వంగాను. మెట్ల మీద జిప్పుల తాత చెప్పుల చప్పుడు ఒక్కొక్క అంతస్తే పైకి వస్తోంది. ఆయన వెనకాలే, ఆయనతో ఏదో అడుగుతూ, మైకాయన గొంతు కూడా వస్తోంది.